చచ్చినవాళ్ళు నవ్వందే నిచ్చెన వెయ్యను

కరోనా తగ్గిన తర్వాతి చలికాలం. పుష్యమాసం, శుక్రవారం, అరకు సంత రోజు. ఉదయం ఏడున్నర. డుంబ్రిగుడ దాటాక గెడ్డవాగు పక్కనున్న ఇసుక మేట మీద మా వాళ్ళు ఎనిమిది మంది సిపాయి బట్టల్లో వరసగా నిలబడి వణుకుతున్నారు. మేకప్ మనిషి సీసాతో వాళ్ళ ముఖాల మీద చన్నీళ్ళు చల్లుతున్నాడు. ఎడారి ఎండకు పట్టిన చెమట అన్నమాట. మంచు ఇంకా విడలేదు.

"నోటంట పొగొత్తంటే ఇది ఎడారెలాగవుద్ది అప్పా?" అన్నాడు మా తమ్ముడు లచ్చన్న. అప్ప అంటే మా వైపు అక్క.

"నోరు మూసుకుంటే అవుద్ది," అన్నాను.

నా పేరు సొంబారి. షూటింగులకు మనుషుల్ని తేవడం నా పని. దాన్ని జూనియర్ ఆర్టిస్టుల ఏజెంట్ అంటారు. మొదట్లో థింసా నాట్యం ఆడడానికి వెళ్ళేదాన్ని. తర్వాత ఆడేవాళ్ళను తేవడం, ఆ తర్వాత సంతలో జనాన్నీ, పెళ్ళిలో జనాన్నీ, హీరో కొడితే పడేవాళ్ళనూ తేవడం నా పనయింది. మనుషుల్ని తెస్తే సరిపోదు. నిన్న ఎవరు ఏ చొక్కాతో ఎక్కడ నిలబడ్డారో ఇవాళా అలాగే నిలబడాలి. దాన్ని కంటిన్యుటీ అంటారు. మా వాళ్ళకు మాత్రం నేనొకటే చెబుతాను: షూటింగ్ అయ్యేదాకా ఎవడూ మంగలి మొహం చూడకండి.

చదువు నాకు లేటుగా వచ్చింది. నలభై దాటాక రాత్రి బడికి వెళ్ళాను. దేవుడి పుస్తకం చదవడానికని కొందరు వచ్చారు, సంతకం కోసం కొందరు వచ్చారు. నేను సినిమా చివర తెర మీద పాకే పేర్లు చదవడానికి వెళ్ళాను. వాటిని టైటిల్స్ అంటారు. మా వాళ్ళ పేర్లు ఉంటాయేమో చూద్దామని. చదవడం వచ్చాక చూస్తే లేవు. లైట్లు మోసినవాళ్ళవి ఉన్నాయి, వంట చేసినవాళ్ళవి ఉన్నాయి, మావి లేవు.

ఈ సినిమా తీసినవాడు శ్రీకాంత్. విశాఖపట్నం అబ్బాయి, ముప్పై దాటి ఉండవు, మొదటి సినిమా. చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో కలిసి ఒక పాత ఇంగ్లీషు నవ్వుల సినిమా చూశాడట. ఎడారి సైన్యాల వీరగాథలను వెక్కిరిస్తూ తీసినది. అలాంటిది తెలుగులో తీయాలని వాడి కోరిక. ముందురోజు మధ్యాహ్నం ఆ బొమ్మను మా వాళ్ళకు మేం దిగిన కల్యాణమండపం లోపలి గోడ మీద వేసి చూపించాడు. ఒక్కరికీ ఇంగ్లీషు రాదు. అయినా పొట్టలు పట్టుకుని నవ్వారు. మెడ వెనక గుడ్డ వేలాడే టోపీలు, అంత ఎండలో అంతంత కోట్లు, కేకలు వేసే సార్జెంటు.

"ఈడు మన హాస్టల్ వార్డెనుకి అన్నలాగున్నాడు!" అంది రాయిమతి. రాయిమతి అంటే లచ్చన్న భార్య. నాకు మరదలు.

అప్పుడు శ్రీకాంత్ చెప్పాడు. "వాళ్ళు కూడా ఎడారికి పోలేదమ్మా. వాళ్ళ ఊరి సముద్రం ఒడ్డునే తీశారు. అదీ చలిలో. అందుకే నాకు ధైర్యం వచ్చింది."

"అయితే ఆళ్ళూ మనలాగే వణుకుతా సెమట తుడుసుకున్నారన్నమాట," అన్నాడు లచ్చన్న. ఆ మాటతో దొరల మీద వాడికి ఎక్కడలేని అభిమానం పుట్టింది.

వాడి సంగతి చెప్పాలి. వాడు కుర్రతనం నుంచీ నాతో షూటింగులకు వచ్చాడు. పడడంలో వాడిని మించినవాడు లేడు. దెబ్బ తగలకుండా పడతాడు, కదలకుండా ఉంటాడు. కానీ ఎప్పుడూ బోర్లా పడుకోబెట్టేవారు. ఎన్నో సినిమాల్లో మా తమ్ముడి వీపు ఉంది, ముఖం లేదు. ఈ సినిమాలో వాడికి క్లోజప్ ఇస్తానన్నాడు శ్రీకాంత్. అంటే తెరంతా వాడి ముఖమే.

ఆ సీను ఇది. కోటలో సిపాయిలంతా చచ్చిపోతే, బయటివాళ్ళకు తెలియకుండా వాళ్ళను గోడ మీద తుపాకులతో నిలబెడతారు. శత్రువుల నాయకుడు ఒంటె దిగి వచ్చి, అన్నీ శవాలేనని కనిపెట్టి పకపకా నవ్వుతాడు. అప్పుడు ఒక శవం తుమ్ముతుంది. వాడు కాపలా ఎగ్గొట్టడానికి శవాల మధ్య నిలబడి చచ్చినట్టు నటిస్తున్న బద్ధకపు సిపాయి. ఆ తుమ్ము లచ్చన్నది.

రాయిమతి ఒప్పుకోలేదు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. చచ్చే వేషం వేసినవాడు షాట్ అవగానే లేచి కెమెరా ముందు నవ్వాలి. అప్పుడే ఆ చావు అక్కడితో పోతుంది, ఇంటిదాకా రాదు. ఒకసారి వాన ముంచుకొచ్చి, యూనిట్ వాళ్ళు నవ్వు తీయకుండానే సామాను సర్దేశారు. అదే నెలలో లచ్చన్న జీపు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఆ తర్వాత చచ్చే వేషం వేయనని రాయిమతి వాడి చేత ఒట్టు వేయించుకుంది.

ఇసుకలో నిలబడే వాదన. శ్రీకాంత్ మెల్లిగా నచ్చజెప్పాడు. "ఇది చచ్చిన వేషం కాదమ్మా. చచ్చినట్టు నటించేవాడి వేషం. నిజంగా చస్తే తుమ్ముతాడా?"

"సూడు బాబూ. సచ్చినట్టు నటించేవోడినాగ నటిత్తన్నాడని పైనున్న దేవుడికి ఎవులు సెప్తారు? ఆయన సూసేసరికి ఈడు కళ్ళు మూసుకుని గోడకి ఆనుకుని ఉంటాడు. ఆయనకి తెలిసిందంతే," అంది రాయిమతి.

లచ్చన్న ఒక్క మాట అన్నాడు. "రాయీ, ఒక్కసారి నా మొహం పడనీయే."

ఆమె వాడిని చూడలేదు. నావైపు తిరిగింది. "వదినా, నువ్వు పూసీ ఉంటావా? నవ్వు తీసినాకే దిగాల. ఉత్తినే పళ్ళు సూపిత్తే సాలదు. నవ్వాల."

"ఉంటాను," అన్నాను.

ఇక పని మొదలైంది. కోట అంటే ప్లైవుడ్ గోడ, సాలూరు నుంచి లారీలో వచ్చింది. ముందు మట్టిరంగు, వెనక వెదురు బొంగుల మంచె. ఎక్కడానికి ఒకటే నిచ్చెన. కొండల పచ్చదనం పడకుండా కెమెరాను ఇసుకలో పాతిపెట్టినంత కిందకు దించారు. ఒంటెను విశాఖ బీచి నుంచి తెచ్చారు. పేరు రాణి. పాపం, ఘాటీ రోడ్డు ఎక్కేసరికి దాని కళ్ళు తేలిపోయాయి. మా దుప్పట్లు రెండు కప్పాం.

చలికి మొదటిసారి తుమ్మింది లచ్చన్న కాదు, పక్కనున్న బుద్ర. రెండోసారి సుక్ర. తర్వాత శవాలన్నీ వరసగా తుమ్మాయి.

"కట్! చచ్చినవాళ్ళు తుమ్మకండి బాబూ!" అని శ్రీకాంత్ నెత్తి పట్టుకున్నాడు.

లచ్చన్న తుమ్ము ఓకే అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. క్లోజప్ చూసి కెమెరా మురళి బొటనవేలు ఎత్తాడు. గోడ మీద లచ్చన్న తన ముఖాన్ని రెండు చేతులా తడుముకున్నాడు.

ఇంతలో కొండ మీంచి మబ్బు దిగింది. చీకటి పడకముందే ఒంటె ఘాటీ దిగాలని దాని యజమాని మస్తాన్ గోల. మురళి కెమెరా మూత పెట్టేశాడు. శ్రీకాంత్ "ప్యాకప్" అన్నాడు. ఇవాళ్టికి పని అయిపోయిందని దాని అర్థం.

"నవ్వు?" అన్నాను.

"రేపు తీద్దామమ్మా. వెలుతురు లేదు."

రాయిమతి నన్ను చూసింది, అంతే. నేను వెళ్ళి మంచెకున్న నిచ్చెన లాగేసి ఇసుకలో పడేసి, దాని మీద కూర్చున్నాను. పైన ఎనిమిది మంది.

"అమ్మా! నిచ్చెన!" అన్నాడు శ్రీకాంత్.

"చచ్చినవాళ్ళు నవ్వందే నిచ్చెన వెయ్యను. నీ సినిమా నీకెంతో, నా మాట నాకంత."

శ్రీకాంత్ మబ్బునీ నన్నూ చూశాడు. తర్వాత తనే వెళ్ళి కెమెరా మూత తీశాడు.

నవ్వమంటే ఏడుగురు నవ్వారు. లచ్చన్నకు రాలేదు. పళ్ళు బయటపెట్టాడు, అది నవ్వు కాదు. ఇన్నేళ్ళ తర్వాత ముఖం పడిందన్న సంతోషం నవ్వుకు అడ్డం పడింది. పెదవులు విచ్చుకుంటున్నాయి గానీ కళ్ళు తడి. మబ్బు గోడ దాకా వచ్చేసింది.

అప్పుడు రాయిమతి కాస్ట్యూమ్ పెట్టెలోంచి ఆ గుడ్డ తోక టోపీ తీసి నెత్తిన పెట్టుకుంది. చీర బిగించి, కెమెరా పక్కన ఇసుకలో కవాతు మొదలుపెట్టింది. ముందురోజు గోడ మీద చూసిన సార్జెంటు నడకే. పొట్ట ముందుకు, గడ్డం పైకి. "లెఫ్ట్! రైట్! ఓరి బద్దకం సచ్చినోడా, బేగి దిగు! కాపలా ఎగ్గొట్టి నిద్దరోతన్నావా? నా పెళ్ళి పందిట్లోనూ ఇలాగే నిద్దరోనావు!" ఒంటె ముందు ఆగి గట్టిగా సెల్యూట్ కొట్టింది. రాణి మెడ వంచి, టోపీ గుడ్డను పళ్ళతో పట్టుకుని లాగింది. రాయిమతి ఇటు లాగుతుంది, ఒంటె అటు.

"నీ వొంటె సంతకెల్ల! నా టోపీ ఒదులు!"

లచ్చన్న నవ్వాడు. ముందు ముక్కుతో, తర్వాత పొట్టతో, తర్వాత గోడ పట్టుకుని. కోటంతా ఊగింది. ఎక్కడ కూలుతుందోనని మస్తాన్ వెదురు పట్టుకున్నాడు. మురళి కూడా నవ్వుతున్నాడు, అందుకే ఆ షాటు కొంచెం కదిలి ఉంటుంది.

నిచ్చెన వేశాను.

సినిమా థియేటర్లకు రాలేదు, ఫోన్లలో వచ్చింది. చూసినవాళ్ళు తక్కువే. చివర టైటిల్స్ కింద శ్రీకాంత్ ఆ నవ్వు షాటు పెట్టాడు. మా గురించి ఒకటే వరస ఉంది: "మరియు అరకు గ్రామస్తులు". శ్రీకాంత్ మంచివాడే. పేర్లు అడగాలని తోచలేదు, నాకూ చెప్పాలని తోచలేదు.

మొన్న వానల్లో జ్వరం వచ్చి రాయిమతి పోయింది. చావు మొగుడి వెంట ఇంటికి వస్తుందేమోనని ఆమె అంత కాపలా కాసింది. లచ్చన్న ఇప్పుడు సాయంత్రాలు ఫోనులో ఆ షాటు వేసుకుంటాడు. తన ముఖం చూసుకోవడానికి అనుకున్నాను. కాదు. షాటులో గోడ మీద ఎనిమిది మందీ ఒకే పక్కకు, తెర అంచు అవతలకు చూసి నవ్వుతుంటారు. వీడూ ఆ అంచు వైపే చూస్తాడు. కెమెరాను అటు కొంచెం తిప్పమని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఇప్పుడు ఏ షూటింగుకు వెళ్ళినా నవ్వు షాట్ అయ్యాక నేను కెమెరామన్‌ను ఒకటి అడుగుతాను. "ఒకసారి ఇటు కూడా తిప్పు బాబూ." కొందరు తిప్పుతారు, కొందరు విసుక్కుంటారు. విసుక్కుంటే నిచ్చెన ఎక్కడుందో నాకు తెలుసు.

ఆ శుక్రవారం అక్కడ ఉన్నవాళ్ళు వీళ్ళు. గోడ మీద లచ్చన్న, బుద్ర, సుక్ర, దొంబు, గాసి, జగ్గన్న, పోతురాజు, సన్యాసి. శత్రువుల నాయకుడి వేషంలో నాటకాల ప్రసాద్. చన్నీళ్ళు చల్లిన మేకప్ నాని. కెమెరా దగ్గర మురళి, శ్రీకాంత్. వెదురు పట్టుకుని మస్తాన్. దుప్పట్లు కప్పుకుని రాణి. నిచ్చెన మీద సొంబారి. కెమెరా పక్కన, టోపీ పెట్టుకుని, రాయిమతి.