తొంభై ఒకటి మీద నా ఫిర్యాదు

శనివారం నుంచి మా ఖానాపురం హవేలి కాలనీల నన్ను పేరు పెట్టి పిలిచేటోళ్లు తగ్గిండ్రు. పాల ప్యాకెట్లకు పోయినా "నైంటీ వన్ సార్, బాగున్నరా" అంటున్నరు. ఈ బిరుదు ఎట్లొచ్చిందో చెప్త, చాయ్ తాగుకుంట వినుర్రి. నవ్వొస్తే నవ్వుర్రి, నేనేం అనుకోను. అనుకునే హక్కు పోయింది నాకు.

నా సంగతి మీకు తెల్సిందే కద. ఆఫీసుల సీనియర్ అసిస్టెంట్‌ను. ఎవలు ఏ కాగితం పెట్టినా ముందు దాంట్ల తప్పు వెతుకుత. టెన్త్‌ల లెక్కలకు ఎనభై ఎనిమిది మార్కులొచ్చినయని ఇరవై ఐదేండ్ల సంది చెప్పుకుంట తిరుగుతున్న. మా పాప అక్షర ఆరో క్లాసు. దాని హోంవర్కు రోజు నేనే చూస్త. చూసుడంటే ఉత్త చూసుడు కాదు, సగం నేనే చేస్త.

పోయిన వారం మంగళవారం భిన్నాల లెక్కలు. పైసంఖ్యను, కిందిసంఖ్యను ప్రధాన కారణాంకాలుగ విడగొట్టాలె, అంటే ప్రైమ్ నంబర్ల గుణకారంగ రాయాలె. రెండిట్ల ఒక్కతీరుగ ఉన్నదాన్ని కొట్టేస్తే భిన్నం చిన్నగైతది. గంతే. మూడు లెక్కలు అయినయి. నాలుగోది తొంభై ఒకటి బై నూట పంతొమ్మిది. పాప అప్పటికే పదమూడు బై పదిహేడు అని రాసి పెట్టింది.

నేను చూసిన. తొంభై ఒకటి రెండుతోటి పోదు. మూడుతోటి పోదు, ఐదుతోటి పోదు. ఏడో ఎక్కం మనసుల చదివిన, ఏడు పదులు డెబ్బై కాడ అయిపోయింది. తొంభై ఒకటి అందుల రాలే. ఇగ అది ప్రైమ్ నంబరే, మొహం చూస్తెనే తెలుస్తది. రబ్బరు తీస్కొని పాప రాసింది తుడిచి, "ఇది ఇంతకన్న తగ్గదు" అని నా చేతితోటి రాసిన. మా మేడం ఏడుతోటి చూడమన్నది డాడీ అని పాప గునిసింది. మీ మేడంకే నేను చెప్పాల్సి ఉన్నది అన్న.

రెండు రోజులకు నోట్‌బుక్ వాపసొచ్చింది. నా జవాబు మీద ఎర్ర ఇంకుతోటి ఇంటు మార్కు, పక్కన 13/17.

ఆ టీచర్ కొత్తగొచ్చింది. పేరు సమ్మక్క. ములకలపల్లి అవతల అడవి అంచున ఊరు, ఇంట్ల కోయ మాట్లాడుతరంట. మూడు నెలలు పని చూసి ఉంచుకుంటమని స్కూలోళ్లు తీసుకున్నరు. ఆ ఊరి పేరు వినంగనే నా నోట్లకెళ్లి "అందుకే" అన్న మాట వచ్చింది. మీ ముందట దాచుడెందుకు, వచ్చింది. మా ఆవిడ సుజాత, ఒక్కసారి ఫోన్ల క్యాలిక్యులేటర్ కొట్టి చూసుకోరాదా అన్నది. ఎనభై ఎనిమిది మార్కులోడు క్యాలిక్యులేటర్ ముట్టుకుంటడా.

క్లాసు పేరెంట్ల వాట్సాప్ గ్రూపుల పెట్టిన: "ప్రైమ్ నంబర్ అంటే ఏందో తెల్వనోళ్లు మన పిల్లలకు లెక్కలు చెప్తున్నరు. శనివారం మీటింగ్‌ల అడుగుదాం." పది నిమిషాలల్ల స్క్రీన్ నిండ బొటనవేళ్లు లేచినయి. ఒకాయనైతే "సార్ లాంటోళ్లు ఉండాలె" అని పెట్టిండు. దాన్ని నాలుగు సార్లు చదువుకున్న. ఆ లెక్కను మాత్రం గ్రూపుల ఒక్కలు గూడ చేసి చూడలే.

శనివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కొని పోయిన. చేతుల రెండు పేజీల ఫిర్యాదు, మా ఆఫీసు పద్ధతిల విషయం, సూచిక అన్నీ పెట్టి రాసింది. వెనక ఐదారుగురు పేరెంట్లు. హెడ్‌మిస్ట్రెస్ నిదానంగ చదివింది. ఇదే నిజమైతే సోమవారం నుంచి ఆమెను రావద్దని చెప్పాల్సొస్తది అన్నది. నేను తల ఊపిన. ఆ ఊపుడు యాదికొస్తే ఇప్పటికీ మెడ గుంజుతది.

సమ్మక్క టీచర్‌ను పిలిచిండ్రు. చేతులకు చాక్‌పీసు పొడి. నిదానంగనే అడిగింది.

"తొంభై ఒకటిని వేటితోటి భాగించి చూసిండ్రు సార్?"

రెండు, మూడు, ఐదు అన్న. ఏడు చూడలేదా అన్నది. ఏడో ఎక్కం పది దాకా చదివిన, దాంట్ల రాదు అని గట్టిగనే చెప్పిన.

"ఏడు పదులు డెబ్బై. తొంభై ఒకటిల డెబ్బై పోతే ఎంత సార్?"

"ఇరవై ఒకటి."

"ఇరవై ఒకటిల ఏడు ఎన్ని సార్లు పోతది?"

వెనకకెళ్లి ఎవలో "మూడు" అన్నరు. చూస్తే, సార్ లాంటోళ్లు ఉండాలె అన్నాయననే.

ఆమె గోడకున్న బోర్డు మీద 91 = 7 × 13 అని రాసింది. దాని కింద 119 = 7 × 17. రెండు ఏడులను అడ్డంగ కొట్టేసింది. మిగిలింది మా పాప రాసిందే.

నేను అంత జల్దీ ఒప్పుకునే మనిషినా. మా కాలంల సిలబస్ వేరే ఉండె అన్న. హెడ్‌మిస్ట్రెస్ అద్దాల మీదికెళ్లి చూసి, మీ కాలంల ఏడు పదమూళ్లు ఎంతుండె సార్ అని అడిగింది. పేరెంట్లు నవ్విండ్రు. రెండు రోజుల కింద బొటనవేళ్లు లేపిన మనుషులే.

సమ్మక్క టీచర్ నవ్వలే. ఆ రాత పాపది కాదని అప్పుడే తెల్సింది సార్ అన్నది. అక్షర అదే లెక్కను క్లాసుల బోర్డు మీద చేసి చూపిచ్చిందంట, అందుకే దానికి మార్కు తగ్గియ్యలేదంట. అంటే ఆ ఇంటు మార్కు అచ్చంగ నాకే.

అప్పుడు దిగింది నాకు. ఆ టీచర్ నౌకరీ నా రెండు పేజీలకు వేలాడుతున్నది. నేను చదవని మూడు ఏడుల కోసం సోమవారం ఆమె సంచి సర్దుకొని బస్సెక్కాల్సింది. ఫిర్యాదు అడిగి తీస్కొని, దాని మీదనే "తప్పు నాది, వాపసు తీసుకుంటున్న" అని రాసి అందరి ముందట సంతకం పెట్టిన. మాఫ్ చెయ్యి మేడం అన్న.

"పర్వాలేదు సార్. మా అడవి ఊర్ల బడిల ప్రతి ఎక్కం ఇరవై దాకా చెప్తరు" అన్నది.

నేను ఇంట్ల ఏమన్ననో ఆమెకు తెల్వదు. అయినా తగలాల్సిన కాడనే తగిలింది.

గ్రూపుల గూడ తప్పు ఒప్పుకున్న. ఈసారి ఒక్క బొటనవేలు లేవలే. ఒకాయన మాత్రం, నూట పంతొమ్మిదిల ఏడు ఎట్ల పోతదో జర చెప్పుర్రని విడిగ మెసేజ్ పెట్టిండు.

సోమవారం టీచర్ ఒక కాగితం పంపింది, హోంవర్కు చూసే పెద్దల కోసమని పది లెక్కలు. ఒళ్లు దగ్గర పెట్టుకొని చేసిన. తొమ్మిది కరెక్ట్. యాభై ఏడు బై డెబ్బై ఆరు కాడ మాత్రం ఏం తోచక అట్లనే ఇడిచిపెట్టిన. నిన్న దిద్ది పంపింది. దాని పక్కన మూడు బై నాలుగు అని వేసి, "ఇంకా శ్రద్ధ అవసరం" అని రాసింది. అడుగున ఇంట్లోళ్ల సంతకం కోసం ఒక గీత. అక్షర ఆ కాగితం మీది నుంచి కింది దాకా చదివి, నా దిక్కు ఒక చూపు చూసి, గీత మీద సంతకం పెట్టింది.