అడిగితేనే రెండోసారి

పర్చూరులో ఓ పెళ్ళి పందిట్లో స్పీకరు బాక్సులు దించుతుంటే వదిన ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ అన్న లేవటం లేదు. కాఫీ ఇద్దామని వెళ్ళి పిలిస్తే పలకలేదు. డాక్టరుగారు వచ్చి చూశారు," అని ఆగిపోయింది. నిద్రలోనే గుండె ఆగిందట. మా తమ్ముడికి మిక్సరు అప్పజెప్పి చిలకలూరిపేట బస్సెక్కాను. సగం దూరం వచ్చాక గాని చేతిలో మైకు వైరు అలాగే ఉండిపోయిందని చూసుకోలేదు.

ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. మా మైక్‌సెట్ షాపూ ఆయన ఇల్లూ ఒకే వీధి. పగలు స్పిన్నింగు మిల్లులో ఎలక్ట్రీషియను, ఆదివారం పొద్దున చర్చిలో గిటారు, మిగిలిన సాయంత్రాలన్నీ తన పాటలు. ఆయన వెనక కంపెనీ లేదు, మేనేజరు లేడు. పాట తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని, తనే పాడేవాడు. గిటారు పట్టీ కూడా మిల్లులో పాడైపోయిన బెల్టు ముక్కతో తనే కుట్టుకున్నాడు. మైకు మాత్రం నాది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆయన పాట ఎదురుగా కూర్చుని విన్నవాళ్ళంతా నా స్పీకర్లలోనే విన్నారని కాలరెగరేసి చెప్పగలను.

ఆయన గురించి రాయమని నన్నడిగినవాళ్ళకి ఒక మాట ముందే చెప్పాను. మీరంతా ఆయన్ని ఎదురుగా కూర్చుని చూశారు, నేను స్టేజీ పక్కనుంచి చూశాను. పక్కనుంచి చూసేవాడికి పాడేవాడితో పాటు వినేవాళ్ళూ కనిపిస్తారు. కాబట్టి ఇందులో మీరు కూడా ఉంటారు, ఏమీ అనుకోకండి.

ఆయన పాడేదాన్ని బ్లూస్ అంటారు. దానికి కాస్త రాక్ జోరు కలిపేవాడు. వయసులో ఉన్నప్పుడు చీరాలలో ఓ రేడియో రిపేరు షాపులో పాత క్యాసెట్ దొరికిందట. పైన అంటించిన కాగితం ఊడిపోయింది కాబట్టి పాడినవాళ్ళెవరో ఆయనకి ఎప్పటికీ తెలియలేదు. టేపు తెగేదాకా విని, వేళ్ళు పగిలేదాకా వాయించి నేర్చుకున్నాడు. "అమెరికాలో పత్తి చేలల్లో చాకిరీ చేసిన నల్లవాళ్ళ పాటరా ఇది. పత్తి మనకీ ఉంది, చాకిరీ మనకీ ఉంది. పాటొక్కటే రావాలి," అనేవాడు. అని ఊరుకోలేదు, తెచ్చాడు.

ఆ పాటకో పద్ధతుంది. మొదటి లైను పాడతారు. అదే లైను మళ్ళీ పాడతారు. మూడో లైనులో అసలు సంగతి బయటపెడతారు. ఆ రెండోసారి దగ్గరే ఉంది మా కథంతా.

పర్చూరు పక్కన ఒక ఊళ్ళో తిరునాళ్ళు. ఆ సాయంత్రం పౌరాణిక నాటకం. కృష్ణుడి వేషం కట్టే ఆయన వస్తున్న వ్యాను హైవే మీద చెడిపోయింది. చాపలేసుకుని కూర్చున్న జనం గోల మొదలుపెట్టారు. కమిటీవాళ్ళు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి "ఏదో ఒకటి చెయ్యవయ్యా" అన్నారు. అన్న ఆ రోజు నాకు వైర్లు చూడ్డానికి సాయం వచ్చాడు. గిటారు లేకుండా గడప దాటని మనిషి కదా, అదీ వచ్చింది. ఎక్కించాం స్టేజీ. వెనక రథం బొమ్మ ఉన్న తెర, ముందు మిల్లు బెల్టు తగిలించుకున్న మా అన్న. మొదలుపెట్టాడు.

మబ్బు పట్టింది, కాయ కళ్ళాంలో ఉంది...

ఊరు ఊరంతా మిరపకాయలు ఆరబోసుకుని ఉన్న రోజులు. గోల టక్కున ఆగింది. అన్న పద్ధతి ప్రకారం అదే లైను మళ్ళీ అందుకున్నాడు. ముందు వరసలో కూర్చున్న ఒక తాతయ్య లేచి నిలబడి చెయ్యెత్తాడు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టం దగ్గర కాపలా పని చేసి మానుకున్నాయన, చుట్టుపక్కల ఎక్కడ నాటకమాడినా వదలడు.

"ఆగబ్బాయ్. వన్స్‌మోర్ ఎవరడిగారు?"

అన్న వాయించడం ఆపేశాడు. "ఎవరూ అడగలేదండి. ఈ పాట ఇంతేనండి, రెండుసార్లు పాడాలి."

"పాడాలని నువ్వనుకుంటే ఎట్టా? మేం అనుకోవాలి. బాగుంటే అడుగుతాం, అడిగితే పాడతావు. అడక్కముందే నువ్వే పాడేసుకుంటే ఇంక మేం దేనికి ఇక్కడ? ఇంటికి పోయి పడుకుంటాం గదా."

తాతయ్యది తప్పే, కానీ ఆయన్ని తప్పు పట్టడానికి వీల్లేదు. మా వైపు నాటకం చూసి పెరిగినవాళ్ళకి వన్స్‌మోర్ అనేది వినేవాళ్ళ హక్కు. రాగం తీసి పద్యం ముగించగానే చాపల మీద నుంచి కేక పడుతుంది. స్టేజీ మీద చచ్చి పడున్న వేషమైనా సరే లేచి మళ్ళీ పాడాల్సిందే. అడక్కుండా రెండోసారి పాడినవాణ్ణి ఆ తాతయ్య తన జన్మలో చూసి ఉండడు.

నేనైతే మైకు కట్టేసి కిందికి దిగిపోయేవాణ్ణి. అన్న మాత్రం కాసేపు ఆయన వంక చూసి, దణ్ణం పెట్టి, "అయితే మళ్ళీ మొదట్నుంచి పాడతానండి. నచ్చితేనే అడగండి," అన్నాడు. మబ్బు పట్టిన లైను పాడి ఆగాడు. గిటారూ ఆపేశాడు. కుడికాలు మాత్రం స్టేజీ చెక్క మీద తాళం వేస్తోంది. తాతయ్య తొందరపడలేదు. పక్కాయన వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు, అప్పుడు "వన్స్‌మోర్" అన్నాడు. వెనకనుంచి ఇంకొందరు అందుకున్నారు. అన్న రెండోసారి పాడాడు చూడండి, అది మొదటిసారి పాడిన లైనే అంటే నమ్మబుద్ధి కాలేదు. గొంతు ఎక్కడినుంచో వచ్చింది. ఆపైన మూడో లైను.

పట్టా కప్పాల్సినవాడు పక్కూళ్ళో పెళ్ళిలో ఉన్నాడు.

జనం పగలబడి నవ్వారు. "మా ఆయనే," అని ఒకావిడ గట్టిగా చెప్పింది. కృష్ణుడు వచ్చి రంగు పూసుకుని నిలబడ్డా అన్నని దిగనివ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో అన్నాడు, "ఒరేయ్, చప్పట్లు మర్యాదకి కూడా కొడతారు. వన్స్‌మోర్ మర్యాదకి అడగరు." ఆ రోజునుంచి అదే ఆయన నియమం. మొదటి లైను పాడతాడు, ఆగుతాడు, కాలితో తాళం వేస్తూ చూస్తాడు. అడిగితే రెండోసారి. అడక్కపోతే నేరుగా మూడో లైను. ఎక్కడ పాడినా ఇదే. తాళం బాగా వినపడాలని ఒక చెక్కపీట కూడా వెంట తెచ్చుకునేవాడు. దాని పక్కన నేను ఒక మైకు పెట్టేవాణ్ణి.

నాకు మాత్రం ఆ ఆగినంతసేపూ ప్రాణం మీదికి వచ్చేది. వేటపాలెంలో ఒకసారి చర్చి కాంపౌండులో పాడాం. జీడిపప్పు యూనిట్లలో పనిచేసే ఆడవాళ్ళు చాలామంది వచ్చారు. వాళ్ళకి ఈయన సంగతి తెలియదు. ప్రతి పాటకీ ఆగాడు, పీట మీద కాలు ఆడుతూనే ఉంది, ఎవరూ నోరెత్తలేదు. శ్రద్ధగా విన్నారు, చక్కగా చప్పట్లు కొట్టారు, అంతే. ప్రోగ్రాం అనుకున్నదానికంటే ముందే అయిపోయింది. బాక్సులు ఎక్కిస్తూ నేను ఆగలేక అనేశాను. "అన్నా, వెనకనుంచి నేను ఒక్క కేక వేస్తే ఏం పోయింది? వాళ్ళూ అందుకునేవాళ్ళు."

అన్నకి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "నువ్వు మటుకు అడగొద్దు. ఎప్పుడూ అడగొద్దు. మైక్‌సెట్ వాడు అడిగితే అది నేనే అడిగినట్టు."

నేను ముఖం ముడుచుకుని వైర్లు చుట్టుకుంటున్నాను. ఇంతలో ఒకావిడ ముసలావిణ్ణి చెయ్యి పట్టుకుని వ్యాను దగ్గరికి తీసుకొచ్చింది. "ఏవండీ, ఆ చెప్పుల పాట ఇంకోసారి పాడతారా అండీ? మా అత్తకి సరిగ్గా వినపళ్ళేదంట." అన్న నా వంక ఒక చూపు చూశాడు. గిటారు బయటికి తీసి, వ్యాను తలుపు దగ్గర కూర్చుని, మైకు లేకుండా పాట మొత్తం పాడాడు, ప్రతి చరణంలో మొదటి లైను రెండేసిసార్లు. ముసలావిడ చివర్న "బాగుంది నాయనా, చెప్పులు దొరికినియ్యా?" అని అడిగింది. ఆ మాట తలుచుకుని పేట వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

చెప్పుల పాట అందరికీ తెలిసిందే. తెలియనివాళ్ళ కోసం చెబుతాను.

లారీ కదిలిపోయింది, నా చెప్పులు లారీలో ఉన్నాయి...
రోడ్డు కాలిపోతోంది, మా ఇల్లు ఇంకా దూరం ఉంది.

హైదరాబాదు నుంచి ఒక పాటల కంపెనీ ఆయన వచ్చాడు. మంచి మనిషే, మర్యాదగానే మాట్లాడాడు. పాటలన్నీ స్టూడియోలో రికార్డు చేద్దామన్నాడు. ఒక్కటే షరతు, ప్రతి చరణంలో మొదటి లైను వరసగా రెండుసార్లు పాడెయ్యాలి, మధ్యలో ఖాళీ ఉంటే వినేవాళ్ళు పాట మార్చేస్తారు. అన్న ఆయనకి భోజనం పెట్టి, పచ్చడి కలిపించి, నెయ్యి వేయించి, ఆ తర్వాత చెప్పాడు. "అక్కడ అడిగేవాళ్ళు లేరు గదండీ, రెండోసారి ఎవరికోసం పాడను?" వదిన వంటింట్లోంచి నా వంక చూసి తలకొట్టుకుంది. నేనూ కొట్టుకున్నాను. ఇప్పుడు మాత్రం ఆ రోజు ఆయన కాదన్నందుకు నేను సంతోషిస్తున్నాను.

అలా ఆయన పాటలన్నీ మా షాపులోనే రికార్డయ్యాయి. షట్టరు దించి, ఫ్యాను కట్టేసి, చెమటలు కక్కుకుంటూ చేశాం. ప్రతి పాటలోనూ మొదటి లైను తర్వాత ఖాళీ ఉంటుంది. అందులో పీట మీద కాలి చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఫోన్లలో పెట్టాక జనం దాన్ని ఏం చేసుకున్నారో మీకు తెలుసు. పాట కింద ఎక్కడెక్కడి వాళ్ళో వన్స్‌మోర్ అని రాశారు. పత్తి లారీల డ్రైవర్లు ఆ ఖాళీ రాగానే హారను కొడతారట. మిరపకాయలు కోసే ఆడకూలీలు చేలో ఫోన్ పెట్టుకుని, ఖాళీ వచ్చినప్పుడు తామే రెండోసారి పాడేసుకుంటారని ఎవరో వీడియో తీసి పంపారు. అన్న దాన్ని చూసి చూసి నా ఫోన్లో చార్జింగు అయిపోయేదాకా ఇవ్వలేదు. "పాట సగమే నాదిరా. సగం వాళ్ళది. చూడు, వాళ్ళ సగం వాళ్ళు తీసుకున్నారు," అన్నాడు.

ఎన్నాళ్ళుగానో పాడుతున్నా చెప్పుల పాట ఒక్కటి రికార్డు చెయ్యకుండా ఉండిపోయింది. మొన్న ఎండలు ముదిరాక చేశాం. ఆ పాటలో ఖాళీ చాలా పెద్దది. తాళం వేస్తున్నాడు, వేస్తున్నాడు, మూడో లైను ఎత్తుకోడు. మిక్సరు దగ్గర్నుంచి చాలన్నట్టు సైగ చేశాను. తల అడ్డంగా ఊపాడు. అయ్యాక అడిగితే, "కొంతమందికి అడగటానికి టైం పడుతుందిరా," అన్నాడు. అదే ఆఖరి రికార్డింగు అవుతుందని ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

ఆయన జ్ఞాపకార్థం ఆదరణ కూటం చర్చి ఆవరణలోనే పెట్టారు. షామియానా కిందా, బయట ఎండలో కూడా జనం. మిల్లువాళ్ళు, మార్కెట్ యార్డువాళ్ళు, వేటపాలెం నుంచి ఆటోలో వచ్చిన ఆడవాళ్ళు. ఆ తిరునాళ్ళ తాతయ్య కూడా ఉన్నాడు, ఆయనకి ఇప్పుడు చెవులు బొత్తిగా వినపడవు. అయినా అన్న ప్రోగ్రాము ఏదీ మానలేదు. కుర్చీ స్పీకరు బాక్సు పక్కనే వేయించుకుని, అరచెయ్యి బాక్సుకి ఆనించి, ఆ అదురుని బట్టి పాట ఎక్కడ ఆగిందో కనిపెట్టి వన్స్‌మోర్ అడిగేవాడు. ఆ రోజూ అలాగే కూర్చున్నాడు. ప్రార్థన అయ్యాక పాస్టరు అయ్యగారు నా వంక తిరిగి, "ఆయన పాట ఒకటి వినిపించు బాబూ," అన్నారు. నేను చెప్పుల పాట పెట్టాను.

మొదటి లైను అయింది. ఖాళీ వచ్చింది. పీట మీద కాలి చప్పుడు స్పీకర్లలోంచి వస్తోంది. ఎదురుగా దండేసిన ఫోటో, ముందు వరసలో తెల్లచీరలో వదిన. అక్కడ కేక వేయడానికి ఎవరికి నోరొస్తుంది? తలలు దించుకున్నారు. తాతయ్య నోరు తెరిచాడు, మాట బయటికి రాలేదు. నా వంక చూశాడు. కాలి చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంది. మీ అందరినీ ఆయన ఆఖరిసారి అడుగుతున్నాడనీ, ఎవరూ పలకకుండానే మూడో లైను వచ్చేస్తుందనీ నాకు భయం పట్టుకుంది.

మైకు తీసుకున్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనని మాట అన్నాను. "వన్స్‌మోర్."

మైక్‌సెట్ వాడు అడిగితే నేనే అడిగినట్టు అన్నాడు కదా. అవును, ఆయనే అడిగాడు.

ముందు వదిన ఆ లైను అందుకుంది. తర్వాత వేటపాలెం ఆడవాళ్ళు, తర్వాత ఎండలో నిలబడ్డవాళ్ళందరూ. లారీ కదిలిపోయింది, నా చెప్పులు లారీలో ఉన్నాయి. స్పీకర్లో అన్న కాలు వాళ్ళకి తాళం వేస్తోంది. తాతయ్య అరచెయ్యి బాక్సు మీద ఆ తాళానికే మెల్లగా లేచి పడుతోంది.