లక్క కొమ్మల్లోని సన్న కందిరీగ: జహనుమా నుంచి గుడిమల్కాపూర్ పురుగుల ఆఫీసు దాకా

వదినా, ముందుగా నా రాతను మన్నించు. అక్షరాలు వంకరగా పడతాయి, ఒత్తులు ఒకచోట పెట్టబోయి ఇంకోచోట పెడతాను. బడికి పోయింది నాలుగేళ్ళే, ఆ తర్వాత కలం పట్టుకునే పని పడలేదు. ఎక్కడైనా అర్థం కాకపోతే పైకి చదువు, చెవికి తెలుస్తుంది. వచ్చే కోతకు కొమ్మలు తీసుకొని నువ్వే రావాలని ఆ ఆఫీసులో చెప్పారు కాబట్టి, మేము పోయి వచ్చిన దారీ, అక్కడ జరిగిన సంగతీ వరుసగా రాస్తున్నాను. వాళ్ళు నిన్ను కూడా మొదటినుంచీ అడుగుతారు. నీకు తెలిసిన మాట కూడా ఇందులో ఉంటుంది, విసుక్కోకు.

అన్న మోదుగు చెట్ల మీది లక్క కొమ్మలు కొన్ని కోసి, మూట కట్టి రైల్లో పంపించాడు కదా. కొమ్మల చుట్టూ ఎర్రటి సన్న ఈగలు ముసురుతున్నాయని, వాటివల్ల లక్క పాడైందని ఊరివాళ్ళు అంటున్నారని, లక్క ఉన్న కొమ్మలన్నీ నరికి అమావాస్యలోగా కాల్చెయ్యాలని పెద్దలు పట్టుబట్టారని ఆ మూట తెచ్చినాయన చెప్పాడు. కాలిస్తే, వచ్చే పంటకు పిల్లలనిచ్చే విత్తనపు లక్క పోతుంది. విత్తనం పోతే చెట్లు వదిలేసి కూలికి పోతానని అన్న అన్నాడట. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. మా ఇంట్లో లక్క వ్యాపారమే కానీ, మాకు లక్కను కరిగించడం తెలుసు, అది చెట్టు మీద ఎట్లా బతుకుతుందో తెలియదు. ఇటువంటివి చూసి చెప్పే సర్కారు ఆఫీసు ఒకటి గుడిమల్కాపూర్ తోటల్లో ఉందని మా ఆయన ఎక్కడో విని వచ్చారు.

మూట వసారాలో ఉండగానే దానిలోంచి ఈగలు వచ్చి కిటికీ జాలీ మీద వాలడం మొదలుపెట్టాయి. ఈగలంటే ఈగలు కావు, కందిరీగ ఆకారమే, కాకపోతే బియ్యపు గింజలో సగం కూడా ఉండవు. నేను గాజులకు రాళ్ళు అతుకుతాను కదా, సూది మొనకు కొంచెం మైనం పెట్టి సన్న రాళ్ళను ఎత్తుతాను. అట్లాగే గ్లాసు బోర్లించి పట్టి, చచ్చినవాటిని సూదితో ఎత్తి అగ్గిపెట్టెల్లో వేశాను. రాళ్ళను ఏరినట్టే వాటినీ ఏరాను. వెనక సన్నటి సూది ఉన్నవి ఒక పెట్టెలో, సూది లేనివి ఇంకో పెట్టెలో. రెండు జాతులని అనుకున్నాను. అవి ఎక్కడినుంచి వస్తున్నాయో చూద్దామని ఒక లక్క పెచ్చు విరిచాను కూడా. లోపల బూజు పట్టినట్టు ఒక సొరంగం, దాని పక్కన తెల్లటి చిన్న గూడు, ఆ గూటి మూతను కొరుక్కొని ఒక కందిరీగ బయటికి వస్తోంది. చూసి ఊరుకున్నాను. నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ చెప్పలేదు.

నువ్వు ఫలక్‌నుమా స్టేషన్లో పొద్దటి బండి దిగితే మా ఇల్లు నడక దూరమే. ఆ రోజు మా ఇంట్లో ఉండి, తెల్లారి బయలుదేరాలి. శుక్రవారం మాత్రం పెట్టుకోకు, దఫ్తర్లు మూత. మేము జొన్నరొట్టె తిని, ఎండ ఎక్కకముందే జట్కా ఎక్కాం. చార్మినార్ దాకా మనిషికి అణా చొప్పున ఇంకెవరినైనా కలుపుకొని పోతారు. కానీ మూట ఉంది కాబట్టి ఆయన బండి మొత్తం మాట్లాడారు. ఎక్కడికని బండి తోలే ఖాసిం భాయ్ అడిగాడు. "కీడోఁ కా దఫ్తర్" అన్నారు ఈయన.

"పురుగులకు గూడ సర్కారు దఫ్తర్ పెట్టిందా భాయ్?" అన్నాడు ఖాసిం. "మా ఇంట్ల నల్లులు మస్తుగున్నయ్. వాటికేమన్న నౌకరీ దొరుకుతదేమో జర అడుగు."

"నెల తలబ్ మనకిస్తరా, నల్లులకిస్తరా, అది తెలుసుకొని వస్త" అన్నారు ఈయన.

షాలిబండ మీదుగా చార్మినార్ చేరి, లాడ్ బజార్లో కాసేపు ఆగాం. ఆయన అక్కడి గాజుల కార్ఖానాలో పెద్ద పనివాడైన ఉస్తాద్‌కు ఒక మాట చెప్పాల్సి ఉంది. ఉస్తాద్ బొగ్గుల సిగడీ ముందు కూర్చొని లక్కను సాగదీస్తున్నాడు. నేను కొంగు ముందుకు లాక్కొని గోడ పక్కన నిలబడ్డాను. నా చేతిలోని అగ్గిపెట్టెలు చూసి అడిగాడు, "బహూ, గా డబ్బీలల్ల ఏమున్నయ్?" నా బదులు మా ఆయనే చెప్పారు.

ఉస్తాద్ నవ్వలేదు. "లక్కకు పురుగు పట్టినంక ఇంక చూసేదేముంది తమ్మీ. భట్టీల ఏసుడే. మా అబ్బాజాన్ నుంచి గదే జేస్తున్నం. ఊరోళ్ళు జెప్పింది ఠీకే."

జట్కా ఎక్కాక ఆయన, "ఉస్తాద్ గిట్ల అన్నడంటే ఇంక ఉత్తగనే పోతున్నమేమో" అన్నారు.

హుసేనీ ఆలం దాటి పురానాపూల్ మీద ఏరు దాటాలి. వంతెన ఎక్కేచోట రాళ్ళు లేచిపోయి ఉన్నాయి, బండి కుదుపుకు మూట ఒడిలో పెట్టుకో. కార్వాన్ దాటాక ఇళ్ళు పలచబడి తోటలు వస్తాయి. దారికి ఇరువైపులా కొత్తిమీర మడులు, మల్లె పందిళ్ళు. పొద్దున్నే పూలూ కూరలూ వేసుకొని ఊళ్ళోకి పోయిన బండ్లు ఖాళీగా తిరిగొస్తుంటాయి. తిరుగు దారిలో జట్కా దొరకకపోతే ఊళ్ళోకి పోయే బండి ఎక్కించుకోమని అడగవచ్చు. తోట గేటు పక్కన ఒక ముసలవ్వ రొట్టెలు చేసి అమ్ముతుంది. ఆఫీసువాళ్ళు తిండికి పోయే వేళకు మేము చేరాం కాబట్టి అక్కడే తిన్నాం. రొట్టె, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. "పురుగుల సారు కోసమా? ఆయన గూడ నా దగ్గరనే తింటడు బిడ్డా. మంచోడే, గాని తినేటప్పుడు గూడ రొట్టెను తిప్పి తిప్పి చూస్తడు" అంది అవ్వ. నాకు నవ్వొచ్చి, బెరుకు కొంచెం తగ్గింది.

ఆ సారు పేరు దానియేలు గారు. మన నాయన వయసు ఉంటుంది. తెలుగులోనే మాట్లాడతారు, భయపడకు. పొడుగాటి గది, గోడల నిండా అద్దాల పెట్టెలు, వాటిలో గుండుసూదులకు గుచ్చిన పురుగులు. ఆడవాళ్ళెవరూ లేరు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. మా ఆయన మూట విప్పి కొమ్మలను బల్ల మీద పేర్చి, "చూడుండ్రి సార్, ఒక్క మట్టిబెడ్డ లేదు" అన్నారు.

దానియేలు గారు ఒక కొమ్మ తీసుకొని వేలితో రుద్ది చూశారు. "కడిగినవా?"

"మంచిగ గోకి, మూడు నీళ్ళల్ల కడిగి నీడకు ఆరబెట్టిన సార్."

"అయ్యో తమ్మీ. నాకు కావల్సిందంత ఆ నీళ్ళల్లనే పోయింది."

ముందు రోజు నేను వంటింట్లో ఉండగా మా ఆయన ఆ పని చేశారు. ఆయన తప్పని అనలేను వదినా. లక్క అమ్మే ఇంట్లో మురికి సరుకు ఎవరి ముందూ పెట్టరు. సర్కారు మనిషికి చూపించేది ఇంకా శుభ్రంగా ఉండాలనుకున్నారు. పురుగులు విడిచిన పొడి, బూజు, పైనున్న గూళ్ళు అన్నీ కొట్టుకుపోయాయి.

"సరే, ఈగలనన్న చూద్దాం" అని దానియేలు గారు నా అగ్గిపెట్టెలు తెరిచారు. ఎందుకు విడివిడిగా పెట్టారని అడిగారు. రెండు జాతులని ఈయన చెప్పారు. దానియేలు గారు ఒక్కొక్కదాన్ని చూసి నవ్వేశారు. "ఇవి ఆలుమగలు. వెనక సూదున్నది ఆడది, గుడ్లు పెట్టేది దాంతోనే. పాపం, కాపురాన్ని ఇడగొట్టి తెచ్చిండ్రు." నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ఖుర్దబీన్ అని ఒక ఇత్తడి గొట్టం ఉంది, కళ్ళకు ఆనని వాటిని పెద్దగా చూపిస్తుంది. దాని కింద ఒక ఆడదాన్ని పెట్టి, చూసింది చూసినట్టు పైకి చెబుతూ రాసుకున్నారు. మీసాలు ఎంత పొడుగు, వాటికి కణుపులు ఎన్ని, రెక్కల్లో ఈనెలు ఎక్కడ కలుస్తాయి, సూది పొట్ట పొడుగులో ఎంతవంతు ఉంది. ఒక కొత్త మనిషిని ఆనవాలు పట్టడానికి పుట్టుమచ్చలు రాసుకున్నట్టే. రంగు దగ్గర ఆగారు. "ఎరుపనాల్నా, పసుపనాల్నా?"

నేను మా ఆయన చెవిలో చెప్పాను. ఆయన, "ఎండిన పసుపు కొమ్ము ఇరిస్తే లోపలుంటదే, గా రంగంటున్నది సార్" అన్నారు.

"ఆమెనే చెప్పనియ్యి, నేనేం కొరుకుతనా" అంటూ దానియేలు గారు ఆ మాటే రాసుకున్నారు. తర్వాత నాకూ చూపించారు. రెక్కలు అభ్రకంలా మెరుస్తున్నాయి. అంత చిన్నదానికి అన్ని కీళ్ళున్నాయి.

గోడ మీది పెట్టె ఒకటి దించి పోల్చి చూశారు. అప్పుడు ఆయన ముఖం మారింది. లక్క మీద బతికే కందిరీగలు రెండు తీర్లని చెప్పారు. ఒక తీరువి లక్కను తయారుచేసే లక్క పురుగు ఒంట్లోనే గుడ్డు పెట్టి దాన్ని చంపుతాయి, అవి మనకు శత్రువులు. ఇంకో తీరువి, లక్కను తొలిచి తినే గొంగళి పురుగు మీద గుడ్డు పెడతాయి. ఆ గొంగళి ఒక తెల్ల దీపపు పురుగు పిల్ల. దాన్ని చంపే కందిరీగ మనకు చుట్టం. "రెక్కలు చూస్తె ఇది చుట్టమే అనిపిస్తున్నది. గాని మా దగ్గరున్నదాని కంటే రంగు ముదురు, సూది పొడుగు. కొత్త జాతి గూడ కావచ్చు. పేరు పెట్టాల్నంటె దూరం పంపాలె, జవాబుకు నెలలు పడ్తది."

"ఊరోళ్ళు అమావాస్య దాక గూడ ఆగేటట్టు లేరు సార్" అన్నారు ఈయన.

"అయితే ఒక్కటే చెప్పు. ఇది ఎక్కడినుంచి ఎల్లంగ చూసిండ్రు? లక్క పురుగులకెల్లా, గొంగళి దగ్గర్నుంచా?"

"లక్క పురుగులకెల్లే సార్. లక్కల్నే ఉండె గద."

దానియేలు గారు నిట్టూర్చి కలం తీశారు. "గట్లయితే కాల్చొద్దని నేను రాసియ్యలేను."

వదినా, అప్పుడు నా నోట్లోంచి "కాదు" అని వచ్చింది. ఇద్దరూ నావైపు తిరిగారు. మా ఆయన ముఖం చూడలేక కొమ్మలవైపే చూస్తూ చెప్పాను, "లక్క పురుగులకెల్లి కాదు. పక్కన తెల్ల గూడుండె. గా గూట్లకెల్లి ఎల్లింది." బల్ల దగ్గరికి పోయి ఒక కొమ్మను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టాను. లక్క పెచ్చు మందంగా ఉన్నచోట కడిగిన నీళ్ళు లోపలికి పోవు, అది మాకు కరిగించేటప్పుడు రోజూ తెలిసేదే. రెండు కొమ్మల్లో ఏమీ దొరకలేదు. మూడోదానిలో నల్లటి గీతలా సొరంగం కనబడింది. దానియేలు గారు తన సూది ఇచ్చారు. పెచ్చును మెల్లగా లేపితే లోపల ఎండిపోయిన గొంగళి తోలు, దాన్ని ఆనుకొని తెల్ల గూడు.

దానియేలు గారు దాన్ని నా చేతిలోంచి తీసుకోకుండా, అట్లాగే పట్టుకోమని, ఇంకోచోట కూడా లేపమన్నారు. అక్కడ గొంగళి ఇంకా మెత్తగానే ఉంది, కదలడం లేదు. దాని ఒంటికి బియ్యపు నూకల్లాంటివి నాలుగైదు అతుక్కొని ఉన్నాయి. ఖుర్దబీన్ కింద పెట్టి చాలాసేపు చూశారు. "పిల్లలు. గొంగళిని తింటున్నయ్" అన్నారు. గూటిని విప్పితే లోపల రెక్కలు రాని కందిరీగ, అదే పసుపు కొమ్ము రంగు, వెనక అదే పొడుగు సూది. "ఇగ రాసియ్యొచ్చు. పేరు ఎప్పుడన్న రానియ్యి, ఇది మన చుట్టమే."

అన్నకు ఇచ్చిన చీటీ ఇందులోనే పెట్టాను, పెద్దల ముందు చదివించు. కొమ్మలు కాల్చొద్దు. విత్తనపు కొమ్మలను పలచటి గుడ్డ సంచుల్లో పెట్టి చెట్లకు కట్టాలి. లక్క పిల్లలు గుడ్డ కన్నాల్లోంచి వెళ్ళిపోతాయి, తెల్ల దీపపు పురుగులు లోపలే ఉండిపోతాయి, వాటిని చంపాలి. కందిరీగలను మాత్రం సంచి మూతి విప్పి వదిలెయ్యాలి. ఇది పని చేసిందో లేదో చూడటానికే వచ్చే కోత కొమ్మలను, చెట్ల దగ్గర రోజూ చూసే నిన్నే తెమ్మన్నారు.

తిరుగు దారిలో పురానాపూల్ మీద ఆయన, "నాకెందుకు జెప్పలే?" అన్నారు. "మీరు అడగలే గద" అన్నాను. కోపమో కాదో తెలియలేదు. లాడ్ బజార్లో జట్కా ఆపించి, లోపలికి పోయి ఉస్తాద్‌తో, "భట్టీల ఎయ్యద్దంట ఉస్తాద్. మా ఇంటామె దొరకబట్టింది" అనడం బయటికి వినబడింది.

ఇంటికొచ్చాక కూడా నేను ఆ నూకల్లాంటి పిల్లలనే తలచుకున్నాను. మనకోసం అవి ఏమీ చెయ్యడం లేదు, వాటి తిండి అవి తింటున్నాయి. గొంగళి కూడా అంతే. అయినా ఒకటి మన ఇల్లు నిలబెడుతుంది, ఒకటి కూలుస్తుంది. పైనుంచి చూస్తే రెండూ లక్కకు పట్టిన పురుగులే. ఆ కందిరీగకు ఇంకా పేరు లేదు. అట్టముక్కకు అతికించి, కింద మన ఊరి పేరు, మోదుగు చెట్టు అని రాసి పెట్టెలో ఉంచారు. నువ్వు వచ్చినప్పుడు చూపించమని అడుగు.

వచ్చేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకో. కొమ్మలను కడగకు, గోకకు, దులపకు. చెట్టు మీద ఎట్లా ఉన్నాయో అట్లాగే, మురికితో సహా, పలచటి గుడ్డలో కట్టుకొని తీసుకురా.

నలుగురిలో ఆయన మాటను కాదన్నానని మా అత్తకు ఇంకా తెలియదు. తెలిస్తే మళ్ళీ గడప దాటనివ్వదు. కొమ్మలను ఎవరు చెప్పినా కాల్చనివ్వకు. చీటీ తీసి దాచుకొని, దారి గుర్తుపెట్టుకొని, ఈ ఉత్తరాన్ని మాత్రం చదివిన వెంటనే పొయ్యిలో పెట్టు.