నీచం: నాలుగు గంటలు

ఆ అమ్మాయిది ఖానాపూర్ దగ్గర పల్లె. కరీంనగర్‌లో మా డిగ్రీ కాలేజీలో చేరి, నేను చెప్పే స్టాటిస్టిక్స్ ఉన్న గ్రూపు తీసుకుంది. క్లాసులు మొదలై పట్టుమని పది రోజులు కాకుండానే స్టాఫ్‌రూమ్ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మేడం, నేను గ్రూపు మార్చుకుంట. గీ ఇంగ్లీషు నాతోని అయితలేదు. ఇంటర్ దాంక తెలుగు మీడియమే చదివిన."

లెక్కలు బాగా వచ్చిన పిల్ల. పోనివ్వడానికి నాకు మనసొప్పలేదు. "వారం దినాలు ఆగు బిడ్డా, అటెన్క నీ ఇష్టం" అన్నాను. తలైతే ఊపింది గానీ, ఉంటుందన్న ఆశ నాకు కలగలేదు.

ఆ వారమే ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఒక డేటా విశ్లేషణ సైటును క్లాసులో మొదలుపెట్టాను. మా ల్యాబులో సగం కంప్యూటర్లు ఎంత నొక్కినా లేవవు. ఇదైతే ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. రోజుకు ఎన్ని గంటలు ఫోన్ చూస్తారో చెప్పమంటే అందరూ అబద్ధాలు మొదలుపెట్టారు. కసిరాక కాస్త నిజాలు బయటికొచ్చాయి. ఆ అంకెలు బోర్డు మీద రాసి, సైటులో ఎక్కించమన్నాను.

బెంచీల మధ్య తిరుగుతుంటే ఆ పిల్ల ఫోన్‌లో సైటంతా తెలుగులో కనిపించింది. అనువాదం మీట నొక్కినట్టుంది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది.

"ఎవరు మార్చమన్నరే? అందరి తీరుగ ఇంగ్లీషుల పెట్టు!"

పిల్ల ముఖం చిన్నబోయింది. ఫోన్ తీసుకుని చూశాను. 'నీచం: నాలుగు గంటలు' అని ఉంది. ఇంగ్లీషు 'మీన్'కు ఉన్న ఇంకో అర్థాన్ని పట్టుకొచ్చి పెట్టింది ఆ యంత్రం. కింద ఉన్న 'బాక్స్ అండ్ విస్కర్' గ్రాఫు పేరు 'పెట్టె మీసాలు' అట. నా కోపం ఎటు పోయిందో! పైకే చదివేశాను. క్లాసంతా గొల్లున నవ్వింది.

"కరెక్టే చెప్పింది మేడం, నాలుగు గంటలు చూసుడు నీచమే!" అన్నాడు వెనక బెంచీలో ఒకడు.

ఆ నవ్వుల మధ్య పిల్ల మెల్లగా, "గది సగటు గద" అంది.

"సగటు, మధ్యగతం, బాహుళకం" అనేశాను. ఆలోచించి అన్నది కాదు. చిన్నప్పుడు మందమర్రిలో గని కార్మికుల కాలనీ బడిలో, లెక్కల క్లాసులో అందరం గొంతెత్తి వల్లించిన వరస అది, నోటికి అలాగే వస్తుంది. చివరి మాట ఆ పిల్ల కూడా నాతోపాటే అంది, అదే రాగంలో. నాకు ఒక్కసారిగా ఆ పిల్లను దగ్గరికి తీసుకోవాలనిపించింది.

తను నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"మీరు గూడ తెలుగు మీడియమేనా మేడం?"

"ఇంటర్ దాంక, బిడ్డా. డిగ్రీల మొదటేడు అంత ఏడ్సుకుంటనే చదివిన."

నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. పక్కకు జరిగి, బెంచీ మీద నాకు చోటిచ్చింది.

"అయితే నేను గూడ ఏడ్సుకుంటనే చదువుత మేడం. గ్రూపు మార్చుకోను."