సరోజనక్క అతికిన పైపు

ఇరవై ఏండ్ల కింద నేనొక అబద్ధం చెప్పిన. చూస్తే చిన్నదే, నాలుగు మాటలు. పట్టపగలు, చాయ్ గ్లాసు చేతిల పట్టుకొని, ఎదుటి మనిషి కండ్లల్లకు చూసుకుంట చెప్పిన. దాని బరువెంతనో అప్పుడు ఎరుక లేదు. ఇప్పుడు ఎరుకే. పొద్దున నాకంటె ముందు అదే లేస్తది. నా ఇంటామెకు చెప్పలే, పిల్లలకు చెప్పలే. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. అందుకే మీకు చెప్పబుద్ధైతున్నది.

మాది ములకలపల్లి అవతల అడివంచు పల్లె. ఐటీఐ ఒక ఏడాది చదివి, ఇంట్ల పైసలెల్లక మానేసి, పాల్వంచల ముత్తయ్య మేస్త్రి వెల్డింగ్ షాపుల పనికి కుదిరిన. రెండు వేల మూడో నాలుగో అయి ఉంటది. నాకు ఇరవై రెండేండ్లు. షాపు రోడ్డు పక్కనే. ఫ్యాక్టరీల షిఫ్టు మారినప్పుడల్లా సైకిళ్లు, స్కూటర్లు గుంపుగ పోయేవి. ఎండకాలం భద్రాచలం దిక్కు నుంచి వచ్చే బస్సుల మీద ఇప్పపువ్వు మూటలు ఉండేవి. బస్సు పోయినంక గూడ ఆ తీపి వాసన కాసేపు రోడ్డు మీదనే నిలబడేది. ఇనుము కాలిన వాసన, ఇప్పపువ్వు వాసన కలిసి ముక్కుకు తగిలితే ఇప్పటికీ నా వయసు ఇరవై రెండే.

బోర్డు మీద ముత్తయ్య పేరు ఉండేది. పని మాత్రం ఆయన బిడ్డ సరోజనక్క చేసేది.

ముప్పై ఏండ్లు ఆ మంట వెలుగు చూసి చూసి మేస్త్రి కండ్లు మసకబారినయి. సరోజనక్కకు అప్పుడు ముప్పై లోపే. మొగుడు ఇంకో పెండ్లి చేసుకుంటే, మూడో తరగతి చదివే బిడ్డ మంజులను తీసుకొని తండ్రి దగ్గరికే వచ్చింది. చీర మీద తండ్రి ఖాకీ అంగీ తొడుక్కొని, నల్లద్దం ముఖానికి అడ్డం పట్టుకొని, అతికే గేటు ముందల కూసునేది. గిరాకీ వస్తున్నట్టు కనబడితే నేను దగ్గాలె. అది మా గుర్తు. వెంటనే ఆమె వెల్డింగ్ రాడ్డు పట్టే హోల్డర్ తండ్రి చేతిల పెట్టి, పరదా వెనకకు పోయి గిన్నెలు కడుగుతున్నట్టు చప్పుడు చేసేది. మేస్త్రి హోల్డర్ పట్టుకొని గేటు గురించి గంభీరంగ మాట్లాడేటోడు. వాళ్లు పోయినంక ముగ్గురం పడి పడి నవ్వుకునేటోళ్లం. ఎంత నవ్వుకున్నమో! ఆడమనిషి పెట్టిన అతుకని తెలిస్తే గేటు ఎవరు కొంటరని మేస్త్రి భయం. ఆ భయాన్నే మేం ఆటగ చేసుకున్నం. దాంట్ల నవ్వేటిది ఏముందని నాకు ఒక్కనాడన్నా అనిపించిందా? లేదు.

నాకు పని నేర్పింది ఆమెనే. ఐటీఐల సార్లు చెప్పని తీరుగ చెప్పింది. "కంటితోటి కాదు తమ్మి, చెవితోటి అతుకు. నూనెల మిర్చి బజ్జీ ఏగినట్టు ఒక్క తీరుగ వినబడాలె. పటపట అన్నదంటే నీ చెయ్యి తొందరపడ్డట్టు." నేను అతుకుతుంటే ఆమె అటు తిరిగి బియ్యం ఏరుకుంటనే "తొందర, తొందర" అనేది. మళ్లా చూస్తే అతుకు ఆడనే చెడిపోయి ఉండేది. మధ్యాహ్నం మంజుల బడి నుంచి వచ్చి ఇనుప రజనుల అయస్కాంతం పెట్టి ఆడుకునేది. మేస్త్రి బీడీ వాసన, అక్క పెట్టిన చింతచిగురు పప్పు. నా జీవితంల అంత నెమ్మదిగ ఉన్న దినాలు మళ్లా రాలే. నేనే రానియ్యలేదేమో.

ఆ ఎండకాలం, ఫ్యాక్టరీలల్ల బాయిలర్ రిపేరు పనులు పట్టే ఒక కాంట్రాక్టరు వెల్డర్లను తీసుకుంటున్నడని తెలిసింది. పరీక్ష పెడ్తరట. పైపు అతికి ఇస్తే ఎక్స్‌రే తీసి, లోపల బుడగలు, సందులు లేకుంటే పాసు. నేను పోతుంటే అక్క గూడ బయలుదేరింది. లైన్ల ముప్పై మంది మగోళ్లం, ఆమె ఒక్కతి. కాంట్రాక్టరు ఫోర్‌మన్ తలెత్తకుండనే, "హెల్పర్ల లైను అటు పక్క అమ్మా" అన్నడు. పరీక్షకు వచ్చిన అని ఆమె అన్నది. అప్పుడు తలెత్తిండు. తిట్టలే, నవ్విండు. లైనంత నవ్వింది. నేను నవ్వలే అని మీకు చెప్పాలని ఉంది. కానీ కొద్దిగ నవ్విన.

వాళ్ల షెడ్ల మిషన్ ఒక్కటే ఉందని, షాపులున్నోళ్లు తమ షాపులల్లనే అతికి రెండ్రోజులల్ల తెచ్చియ్యమన్నరు. ఒక్కొక్కరికి రెండు జతల పైపు ముక్కలు ఇచ్చిన్రు. ఒకటి చెడితే ఇంకొకటి పనికొస్తదని. షాపుకు వచ్చినంక అక్క ఒక జత చేతిల పట్టుకొని అటు ఇటు తిప్పి చూసింది. "తమ్మి, ఒకటి నేను అతుకుతా. రెండూ ఇచ్చిరా. నాది పాసైతే ఆ ముక్క పట్టుకపోయి ఆ ఫోర్‌మన్ టేబుల్ మీద పెడ్తా. అప్పుడెట్ల నవ్వుతడో చూస్తా" అన్నది.

నా జత నేను అతికిన. ఆమె జత ఆమె అతికింది. ఆమె అతుకుతుంటే కండ్లు మూసుకొని విన్న. మొదటి నుంచి చివరి దాక ఒక్కటే తీరు. నాది నాకు ఎరుకే. నడుమ రెండు తావుల పటపట అన్నది.

తెల్లారి రెండు ముక్కలు సంచిల ఏసుకొని పోయిన. దారిల సైకిల్ ఆపి, రెండిటిని మోరీ గోడ మీద పక్కపక్కన పెట్టి చూసిన. ఎంతసేపు చూసిన్నో గుర్తు లేదు. ఊర్ల మా నాయిన, పెండ్లికి ఎదిగిన చెల్లె యాదికొచ్చిన్రు. లేక ఇప్పుడు నన్ను నేను కాపాడుకునేటందుకు వాళ్లను యాది చేసుకుంటున్ననా? నా ముక్కను తుప్పలల్ల ఇసిరేసిన. ఆమె ముక్కను ఫోర్‌మన్‌కు ఇచ్చి నా పేరు చెప్పిన. ఆయన దాని మీద నా నంబరు కొట్టిండు.

వారానికి ఫలితం వచ్చింది. "నీ అతుకు సాఫ్‌గ ఉందిరా, మచ్చ లేదు" అని ఫోర్‌మన్ భుజం తట్టిండు. షాపుకు వచ్చేసరికి అక్క చాయ్ పెడుతున్నది. గ్లాసు నా చేతికిచ్చి అడిగింది.

"ఏమైంది తమ్మి?"

"ఒకటి పాసైంది అక్కా. ఒకటి కాలే."

"ఏది?"

ఆ ఒక్క క్షణం నా చేతిల ఉండె. నిజం చెప్పి ఉంటే ఏమైతుండె? అప్పుడు గూడ అక్క నన్ను తిట్టకపోతుండె. కానీ ఆ ముక్క తనదని ఫోర్‌మన్ దగ్గరికి పోతుండె.

"నీ ముక్క ఫెయిలయింది అక్కా. లోపల బుడగలున్నయట."

ఆమె తన కుడి చేతిని ఒకసారి చూసుకున్నది. "అవ్ గదా? నాకు చప్పుడు మంచిగనే వినబడ్డది మరి" అన్నది మెల్లగ. మళ్లా వెంటనే నవ్వు తెచ్చుకొని, "పోనీ, నీదన్నా అయింది. మా ఇంట్ల నేర్చినోడివే గదా" అని లోపలికి పోయి చక్కెర తెచ్చి నా నోట్ల పెట్టింది.

ఆ తర్వాత ఆమె హోల్డర్ పట్టుడు తగ్గింది. ఏడాదికి మేస్త్రి పోయిండు. నీ చేతి పనికి వంక లేదు, షాపు నువ్వే నడుపు అని లోపలి సంగతి ఎరుకున్నోళ్లెవరో అంటే, "లోపల బుడగలొచ్చే చెయ్యి నాది. రేపు ఎవరి మీదనన్నా గేటు పడితే?" అన్నది. మిషన్ అమ్మేసింది. నేనే కాంట్రాక్టరుకు చెప్పి ఆమెను హెల్పర్‌గ పెట్టించిన. పని నేర్పిన మేస్త్రి బిడ్డను మర్చిపోలే, మంచోడు అని అందరూ నన్ను మెచ్చుకున్నరు. నేను ఆ మెప్పును గూడ తీసుకున్న.

సైట్ల ఆమె నాకు రాడ్లు అందించేది, నేను అతికినంక పైన గట్టిపడ్డ పొక్కు సుత్తెతోటి కొట్టి ఊడ్చేది. మొదటి రోజే నన్ను "సార్" అన్నది. అట్ల అనకక్కా అంటే, "సైట్ల గట్లనే అనాలె" అన్నది. ఆమెతోటి హెల్పర్లుగ చేరిన పిలగాండ్లు రెండేండ్లకు ఫిట్టర్లయిన్రు, వెల్డర్లయిన్రు, ఒకడు సూపర్‌వైజర్ అయిండు. ఆడోళ్లు ఎన్నేండ్లు చేసినా రిజిస్టర్ల హెల్పర్లే. అది లోకం తీరని అనుకునేటోణ్ణి. కానీ సరోజనక్క విషయంల లోకం అంటే నేనే.

ఒక్కొక్కసారి నేను పైన కూసొని అతుకుతుంటే కింద నుంచి గొంతు వినబడేది. "తొందర సార్." ఎప్పుడూ ఆమె మాటే నిజమయ్యేది.

కొన్నేండ్లకు మంజుల పది పాసైంది. ఆ సంతోషంల అక్క నన్ను ఇంటికి పిలిచింది. ఆ పిల్ల ఐటీఐల వెల్డర్ ట్రేడు తీసుకుంటా అని పట్టుబట్టింది. తాత షాపు, అమ్మ పని చూసి పెరిగిన పిల్ల గదా. అక్క నా ముందలనే చెప్పింది: "వద్దు బిడ్డా. మన ఆడోళ్ల చేతికి అది రాదు. నేను చేసి చూసిన. కావాలంటే మామను అడుగు."

పిల్ల నా దిక్కు చూసింది.

నేను గ్లాసులకు చూసుకుంట, "కష్టమే బిడ్డా" అన్న. అంతే అన్న. ఆ పిల్ల కుట్టుమిషన్ నేర్చుకున్నది.

మొదటి అబద్ధం నౌకరి కోసం. మరి రెండోది? అప్పటికి నేను ఫోర్‌మన్‌ను. నన్ను తీసేసేటోడు ఎవడూ లేడు. అప్పుడు దేనికి భయపడ్డ? పెద్ద పనోడని పేరు పడ్డది గదా, ఆ పేరుకు భయపడ్డ. ఇప్పుడు మంచి పనోణ్ణే, నిజంగనే నేర్చుకున్న. కానీ నేను లోపలికి నడిచిన తలుపు ఆమె తీసింది, దాన్నే ఆమె ముఖం మీద నేను ఏసిన.

తల్లీబిడ్డలు ఇప్పుడు భద్రాచలంల ఉంటున్నరు. మంజుల ఇంట్లనే జాకెట్లు కుడతది. రెండుసార్లు చెప్దామని పోయిన. పోంగనే అక్క పక్కింటోళ్లను పిలిచి, "నా దగ్గర నేర్చుకున్న పిలగాడు, నన్ను మించి పోయిండు" అని చూపించింది. రెండుసార్లూ చాయ్ తాగి వచ్చిన. నిజం చెప్తే ఆమెకు ఈ గర్వం గూడ లేకుండ పోతదని బస్సుల కూసొని నాకు నేను చెప్పుకున్న. అది గూడ సాకే. ఆమె చెయ్యి ఎట్లాంటిదో తెలుసుకునే హక్కు ఆమెది.

ఇది ముందుగాల ఆమెకు చెప్పాల్సిన మాట. మీకు చెప్తున్న. దీంతోటి తప్పు కడుక్కపోదని తెలుసు, మాఫీ చెయ్యమని మిమ్ములను అడుగుతలేను, మీరు చేసేది గూడ కాదు. కానీ ఇరవై ఏండ్లల్ల నా నోట్లకు గాని, నా చేతికి గాని రాని మాట ఒకటి ఇయ్యాల రాస్తున్న. ఆ పైపు అతికింది సరోజనక్క. మచ్చ లేకుండ పాసైంది సరోజనక్క. రాసినంక కాసేపు కలం కింద పెట్టి కూసున్న. ఛాతీల కొంచెం గాలాడుతున్నది.