పోయిందిగారి స్టూలు

కంప్యూటర్లు బాగుచేసే ఆ పెద్దాయన ఏ వస్తువు చేతికిచ్చినా ముందు "పోయింది" అనేవాడు. బాగుచేయడం ఆ తర్వాత. ప్రింటరిస్తే పోయింది, కీబోర్డిస్తే పోయింది. చివరికి వీధివాళ్ళు ఆయనకు పోయిందిగారని పేరు పెట్టేశారు. పొద్దున్నే భార్య టీ ఇచ్చినా కప్పులోకి తొంగిచూసి "పోయింది" అనేవాడట. "నా ఓపికా పోయింది, తాగండి" అనేది ఆవిడ.

కొత్తవాళ్ళు ఆ మాటకు హడలిపోయేవాళ్ళు. పాతవాళ్ళు ఊపిరి పీల్చుకునేవాళ్ళు. ఆయన పోయిందన్న వస్తువు సాయంత్రానికి బతికి తీరేది. భయపడాల్సింది స్టూలును చూసి. నిజంగా పోయినప్పుడు ఆయన ఆ మాట ఎత్తేవాడు కాదు. బల్లకింద ఉన్న మూడుకాళ్ళ స్టూలును కాలితో ఇవతలికి లాగి, "కూర్చోండి" అనేవాడు. మోకాళ్ళ నొప్పుల గుమస్తా ఒకాయన గంటసేపు గోడకు చేరగిలబడ్డాడు గానీ ఆ స్టూలు వైపు కన్నెత్తి చూడలేదు.

పక్కవీధి టీచరమ్మకు ఇదంతా తెలుసు. అందుకే ఆ మధ్యాహ్నం కంప్యూటరును సంచిలోంచి తీసి బల్లమీద పెట్టి, ఆ మాట కోసం చెవులు రిక్కించింది. భర్త పోయి మూడు నెలలు. గొంతుకు ఆపరేషన్ చేస్తే ఇక మాట రాదని డాక్టర్లు చెప్పిన వారం, ఆయన కూతురి కోసం నలభై రెండు కథలు చదివి, రికార్డు చేసి ఆ కంప్యూటరులో దాచాడు. ఆపరేషన్ తర్వాత మాటా రాలేదు, మనిషీ దక్కలేదు. మొన్న పిడుగు పడి కంప్యూటరు మాడిపోయింది.

"లోపలి హార్డ్ డిస్క్ విప్పి వేరే డబ్బాలో బిగిస్తానమ్మా. బయటినుంచి ఏ కంప్యూటరుకైనా తగిలించుకోవచ్చు."

"పోయిందా బాబాయిగారూ?" ఆశగా అడిగింది.

"ముందు బిగించనీ."

డిస్కును డబ్బాలోకి జరిపి నాలుగు స్క్రూలూ బిగించాడు. సంచెడు అడాప్టర్లలో పిన్ను పట్టినదాన్ని ఏరి తగిలించాడు. దీపం వెలగలేదు. వైరు మార్చాడు. రోగి ఛాతీ మీద పెట్టినట్టు డబ్బా మీద అరచెయ్యి పెట్టి చూశాడు. లోపల ఏమీ తిరగడం లేదు.

ఆయన కాలు బల్లకిందికి వెళ్ళింది. స్టూలు కీచుమంది.

"కూర్చో తల్లీ."

"వద్దు, నిలబడతాను."

"కూర్చో."

"పోయిందనండి బాబాయిగారూ. ఒక్కసారి అనండి."

ఆయన అనలేదు. ఆమె కూర్చుంది.

అడాప్టరు వైరు చుడుతూ ఆయన మెల్లగా చెప్పాడు. "వెనక ఒకాయనతో 'ఏం పర్లేదు, వచ్చేస్తుంది, ఇంటికెళ్ళండి' అన్నాను. ఈలోగా డిస్కు చచ్చింది. మర్నాడు ఆయన మిఠాయి పొట్లంతో వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే చేతిలో పెట్టేశాడమ్మా. అప్పట్నుంచీ ఎవరికీ ముందుగా ఆశపెట్టను."

వైరు చుడుతున్న చెయ్యి ఆగింది. అడాప్టరు వెనక చిన్న అక్షరాలున్నాయి. కళ్ళద్దాలు నుదుటిమీదికెత్తి, దాన్ని ముక్కుకి ఆనించుకుని చదివాడు.

"ఐదు వోల్టులదా! ఇంత పెద్ద డిస్కుకు పన్నెండు కావాలి కదూ. నన్ను తన్నాలి."

సంచి బోర్లించి ఇంకో అడాప్టరు వెతికి పెట్టాడు. నీలం దీపం వెలిగింది. డబ్బా సన్నగా హోరుమంది. తన కంప్యూటరు తెరను చూస్తున్నకొద్దీ ఆయన మొహం ఇంకా ముడుచుకుపోయింది.

"లే తల్లీ. ఎవరు కూర్చోమన్నారు నిన్ను?"

ఆమె లేచింది.

"పోయింది," అన్నాడు. "ఆశ వదులుకో."

"అన్నీనా?"

తెరమీద వేలు పెట్టి పైనుంచి కిందికి లెక్కపెట్టాడు. "నలభై రెండూ. ఒక్కటీ మిగల్లేదు."

ఆమె ఫోను తీసి, "అత్తయ్యా! పోయిందట! అన్నీ పోయాయట!" అని అరిచింది. అవతల అత్తగారు వేసిన సంతోషపు కేక గుమ్మం దాకా వినిపించింది.

అప్పుడే ప్రింటరు చంకన పెట్టుకుని ఒక కొత్తమనిషి లోపలికొచ్చాడు. "అయ్యో, ఏం పోయిందమ్మా?" అని జాలిగా అడుగుతూ ఖాళీగా కనబడ్డ స్టూలు మీద కూర్చోబోయాడు.

"ఆగండాగండి!" పోయిందిగారు ఒక్క ఉదుటున లేచి స్టూలు లాగేశాడు. "మీదింకా చూడనే లేదు!"