దొరసానికి గాలి

నిన్న తెనాలి స్టేషను బయట ఒక దాణా కొట్టు ముందు నుంచి నడుస్తుంటే నానబెట్టిన తెలగపిండి వాసన కమ్మగా తగిలింది. అంతే, బాపట్లలోని మా దొడ్డీ, నాకు పదేళ్ళున్నప్పటి ఆ వేసవీ, ఎండలో ఆరబోసిన మామిడి ముక్కలూ, ముంజకాయల బళ్ళూ, మా జెర్సీ ఆవూ వరసగా కళ్ళముందుకు వచ్చేశాయి.

గోధుమరంగు ఆ ఆవును నాన్న తెనాలి నుంచే లారీలో తెచ్చాడు. చలిదేశపు జాతి కదా అని నాయనమ్మ దాన్ని దొరసాని అనేది. దానికోసం నాన్న తన చేత్తో మట్టిగోడలు పెట్టి, పైన రేకులు వేసి, మా వీధిలో ఎవరికీ లేనంత ముచ్చటైన షెడ్డు కట్టాడు. రోహిణి కార్తె వచ్చేసరికి పొద్దుటి పాలు అయిదు లీటర్ల నుంచి మూడుకి, మూడు నుంచి రెండుకి దిగాయి. గేదెలైతే కాలవలో మునిగి హాయిగా ఉండేవి. దొరసాని నీళ్ళలోకి దిగేది కాదు. మేం ఇంట్లో కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి తడుపుకున్నట్టే, నాయనమ్మ ఆవు వీపు మీద తడి గోనెలు కప్పి, వడగాలి తగలకూడదని షెడ్డు తలుపులన్నీ బిగించేది. నేను లెక్కల పుస్తకం వెనక రాసుకున్నాను: చొంగ కారుస్తోంది, మేత ముట్టడం లేదు, పడుకోవడం లేదు, నాన్న వాచీ ప్రకారం నిమిషానికి ఎనభై ఆరుసార్లు డొక్కలెగరేస్తోంది. శుక్రవారం రేపల్లె నుంచి బేరగాడు వస్తాడని, ఆవును ఇచ్చేస్తున్నామని నాన్న చెప్పిన పూట నేనూ అన్నం ముట్టలేదు.

బుధవారం మధ్యాహ్నం, సూర్యలంక నుంచి చేపలు తెచ్చి అమ్మే నూకాలమ్మ మంచినీళ్ళకు ఆగి, షెడ్డు తలుపు తీసి తొంగిచూసింది.

"ఏంటి పెద్దమ్మా, ఆవుని ఆవిరికుడుం చేస్తన్నారా? నేనూ చేపల మీద తడి గోనె కప్పుతా. కానీ గంప గాల్లో పెడతా. గాలాడకపోతే ఆ తడే ఉడకబెట్టుద్ది. సముద్రం వైపు గోడ తీయించండి."

నాన్న లోపలికి వెళ్ళి ఆవు పక్కన కాసేపు నిలబడ్డాడు. చెమటకి ఒంటికి అతుక్కుపోయిన చొక్కాతో బయటికొచ్చి, గునపం తెమ్మన్నాడు. మొదటి పెళ్ళ ఊడగానే పైరగాలి లోపలికి దూసుకొచ్చింది. నేను గంతులేస్తూ పెళ్ళలు మోశాను. రేకుల మీద తాటాకులు పరిచాం, మేత చల్లటి వేళలకు మార్చాం, ఒంటి మీద నీళ్ళు చల్లి గాలికి ఆరనిచ్చాం. గురువారం మధ్యాహ్నం డొక్కలెగరేయడం లెక్కపెడితే నిమిషానికి యాభై రెండు. నమ్మలేక మూడుసార్లు లెక్కపెట్టాను. శుక్రవారం పాలు రెండున్నర లీటర్లే. అయితేనేం, దొరసాని పడుకుని నెమరు వేస్తోంది.

బేరగాడు వచ్చాడు. నాన్న ఎటూ తేల్చలేక నసిగాడు. నాయనమ్మ ఆ పాలతోనే కాఫీ కలిపి ఇచ్చింది.

"తాగెళ్ళు నాయనా, ఎండన పడొచ్చావు. ఆవు మాత్రం రాదు."

దొరసాని మా దొడ్లోనే మరో నాలుగు ఈతలు ఈనింది. ఇప్పుడు అక్కడ అద్దె గదులు లేచాయి, కిటికీలన్నీ వీధివైపే. పైరగాలి తన వేళకు వస్తూనే ఉంటుంది. దానికి ఎదురుగా మోర ఎత్తి నిలబడే ప్రాణి మాత్రం ఆ దొడ్లో లేదు.